తాయ్‌చీ పట్టు విడిపిస్తుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నిదానమైన కదలికలతో సాధన చేసే చైనా విద్య తాయ్‌చీ. దాని కదలికలను ఆత్మరక్షణకు వాడుకోవడం గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఇక్కడ చెప్పిన ఏ పట్టునైనా ముందు నమ్మకమైన జోడీతో, నిదానంగా చేసి చూడండి. మోచేయి, మెడ దగ్గర తొందరపాటు వద్దు.

ప్రశ్న: నమస్కారం అండీ. రెండేళ్లుగా తాయ్‌చీలో 24 కదలికల ఫారం (వరసగా చేసే కదలికల కూర్పు) చేస్తున్నాను. ఒంటికి హాయిగానే ఉంది. కానీ ఎవడైనా నిజంగా మీదికొస్తే ఇంత నిదానంగా చేసేది ఏం పనికొస్తుంది? మా తమ్ముడు గాల్లో చేతులు ఊపడం అంటున్నాడు.

జవాబు: మీరు చేసే ఫారాన్ని కూర్చిందే ఆరోగ్యం కోసం. 1956లో చైనా క్రీడా శాఖ యాంగ్ శైలిలోని పొడవాటి ఫారం నుంచి కొన్ని కదలికలు ఏరి, అందరూ నేర్చుకోగలిగేలా దాన్ని తయారు చేయించింది. ఆ కదలికలు మాత్రం అంతకు చాలా ముందువి. హెనాన్ ప్రావిన్స్‌లోని చెన్‌జియాగౌ ఊళ్లో చెన్ కుటుంబాలు తరతరాలుగా సాధన చేసింది పోరాట విద్యనే. అక్కడ నేర్చుకుని యాంగ్ శైలికి మూలపురుషుడైన యాంగ్ లూచాన్ (1799–1872) బీజింగ్‌లో పేరు తెచ్చుకున్నది కూడా పోరాటంలోనే.

నిదానంగా ఎందుకు చేస్తామంటే, వేగంలో తప్పులు దాక్కుంటాయి. బరువు ఏ కాలి మీద ఉంది, నడుము ముందు తిరిగిందా, చెయ్యి ముందు పోయిందా అన్నది నిదానంలోనే బయటపడుతుంది. వాడుకునేటప్పుడు ఈ నిదానం ఉండదు.

చాలామంది ఆగిన భంగిమను చూసి, ఇది దేనికి పనికొస్తుందా అని తల పట్టుకుంటారు. అసలు పని ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు వెళ్లే దారిలో జరిగిపోతుంది. 'అడవి గుర్రం జూలు విడదీయడం' తీసుకోండి. ఎడమవైపు చేసేటప్పుడు ముందు బంతి పట్టుకున్నట్టు కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద ఉంటాయి కదా. అవతలివాడు కుడిచేత్తో గుద్దినా తోసినా, పైనున్న మీ కుడిచెయ్యి వాడి మణికట్టు మీద పడి కిందికి, మీ కుడి తుంటి పక్కకి తీసుకుపోతుంది. వాడి భుజం వంగగానే మీ ఎడమకాలు వాడి కుడికాలి వెనక్కి వెళ్లాలి. కింద ఉన్న ఎడమచెయ్యి వాడి చంక కిందుగా దూరి ఛాతీకి అడ్డంగా పడుతుంది. ఇప్పుడు నడుము ఎడమకు తిప్పితే వాడు మీ తొడ మీదుగా వెల్లకిలా పడతాడు.

ఇందులో ఎక్కువగా చెడేది అడుగు దగ్గర. కాలు వాడి కాలి ముందు పడిందంటే ఎంత తోసినా వాడు నిలబడే ఉంటాడు, ఖాళీగా ఉన్న ఎడమచేత్తో మీ మొహం మీద కొడతాడు. మీ మోకాలు వాడి మోకాలి వెనక గుంటకు తగిలిందా లేదా చూసుకోండి, అదే కొలత. రెండో తప్పు, వాడి చెయ్యి ఇంకా కిందికి పోకముందే కాలు వేయడం. వాడి భుజం వంగాకే అడుగు. సాధనలో జోడీని పూర్తిగా పడేయకండి. సగంలో ఆపి, చొక్కా చేయి వదలకుండా పట్టుకోండి. వెల్లకిలా పడేటప్పుడు తల నేలకు కొట్టుకోవడమే ఇందులో పెద్ద ప్రమాదం.

ప్రశ్న: సార్, మణికట్టు పట్టుకుని లాగితే ఎలా విడిపించుకోవాలి? వీడియోల్లో చూసింది ఫ్రెండ్‌తో చేశాను. తను మామూలుగా పట్టుకుంటే వస్తోంది, గట్టిగా పట్టుకుంటే అస్సలు రావడం లేదు.

జవాబు: మీరు చేతిని మీవైపు తిన్నగా లాగుతూ ఉండి ఉంటారు. అలా లాగితే మీ జబ్బ బలం, వాడి ఒంటి బరువు పోటీ పడతాయి. గెలుపు వాడిదే.

పట్టిన చేతిని ఒకసారి బాగా చూడండి. నాలుగు వేళ్లు ఒకవైపు నుంచి, బొటనవేలు ఇంకోవైపు నుంచి వచ్చి మీ మణికట్టు చుట్టూ కలుస్తాయి. ఆ కలిసే చోటే తలుపు. నాలుగు వేళ్లని ఎదిరించడం కష్టం, ఒక్క బొటనవేలిని తెరవడం తేలిక. మణికట్టు వెడల్పుగా, పలకలా ఉంటుంది కాబట్టి దాని సన్నటి అంచు ఆ సందుకు ఎదురుగా వచ్చేలా ముంజేతిని తిప్పుకోవాలి.

ఇప్పుడు 'కోతిని వెనక్కి తరమడం' గుర్తు తెచ్చుకోండి. మీ ఎడమ మణికట్టు వాడి కుడిచేతిలో ఉందనుకుందాం. ఎడమ అరచేతిని పైకి తిప్పండి. మోచేతిని వాడివైపు అర అడుగు జరపండి. వెనక్కి పోవాలనిపించే చోట ముందుకు జరపడం వింతగా ఉంటుంది గానీ, లాగడంలో ఉన్న బిగువు అక్కడితో సడలుతుంది. ఆ సడలిన క్షణంలోనే ఎడమకాలు వెనక్కి వేస్తూ నడుము ఎడమకు తిప్పండి. చెయ్యి దానంతట అది తుంటి దగ్గరికి వస్తుంది. కుడి అరచెయ్యి మీ చెవి పక్కనుంచి బయల్దేరి వాడి ఛాతీ వైపో, ముఖం వైపో వెళ్తుంది. ఒక చెయ్యి వెనక్కి, ఇంకోటి ముందుకు, మధ్యలో నడుము తిరగడం. ఫారంలో మీరు చేసేది ఇదే.

మీ ఫ్రెండ్ గట్టిగా పట్టుకున్నప్పుడు రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మీరేం చేయబోతున్నారో తనకు ముందే తెలుసు, ఆ దిక్కులోనే బిగిస్తోంది. అలాంటప్పుడు ఆ దిక్కు వదిలేసి రెండో దిక్కుకు పోవాలి. అదే 'సముద్రం అడుగున సూది'. పట్టు బిగిసి మీ చెయ్యి పైకి పోతుంటే, వేళ్లు నేలవైపు చూసేలా, మోకాళ్లు మడిచి, మీ బరువంతా ఆ చేతి మీద కిందికి దించండి. వాడి మణికట్టు వంగుతుంది, ముఖం ముందుకు వస్తుంది. నడుము వంచి దిగకండి, వీపు ఎదుటివాడికి దొరుకుతుంది.

రెండు చేతులతో మీ ఒక్క చేతిని పట్టుకుంటే మీ పిడికిలిని మీ రెండో చేత్తో పట్టుకుని, రెండు బొటనవేళ్ల మధ్యలోంచి పైకి, మీ భుజం వైపు లాగండి. కాళ్లు దగ్గరగా పెట్టుకుని ఇవేవీ చేయలేరు. పాదాల మధ్య భుజాలంత ఎడం ఉండాలి.

ప్రశ్న: పిడికిలి బిగించి కొట్టాలా, అరచేత్తోనా?

జవాబు: అరచేతి అడుగుభాగంతో, మణికట్టు పక్కన ఉండే గట్టి మెత్తతో. అలవాటు లేని పిడికిలి ఎముకకు తగిలితే చిటికెనవేలి వెనకుండే అరచేతి ఎముక విరగడం మామూలే. 'మోకాలు తుడిచే అడుగు'లో ముందుకెళ్లేది అరచెయ్యే కదా, దాన్నే సాధన చేయండి.

ప్రశ్న: గొడవల్లో ముందు జరిగేది తోపులాటే. ఛాతీ మీద రెండు చేతులు పెట్టి నెట్టడం, కాలర్ పట్టుకోవడం. 'పిచ్చుక తోక పట్టడం'లో పంగ్ (కాచుకోవడం), లూ (పక్కకు మళ్లించడం), జీ (ఆనించి నొక్కడం), ఆన్ (నెట్టడం) అన్నీ వస్తాయి. వీటిలో ఏది, ఎప్పుడు? చేసి చూస్తే అవతలివాడు నా మీదే వచ్చి పడుతున్నాడు.

జవాబు: ఈ నాలుగూ ఒకదానికొకటి జవాబులు. ఎవరైనా వీటిని విడివిడి పట్లుగా నేర్పితే సగమే నేర్పినట్టు.

పంగ్‌తో మొదలు. ముంజేయి ఛాతీ ముందు గుండ్రంగా, మోచేతి కోణం 90 డిగ్రీల కంటే ఎక్కువగా, భుజం దించి. గాలి నిండిన ట్యూబ్ మీద వేలుపెట్టి నొక్కితే ఎలా ఉంటుందో అలా ఉండాలి, నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే తిరిగొస్తుంది. బిగబట్టిన కర్రలా ఉంటే వాడి తోపు మీ భుజంలోంచి నేరుగా వీపులోకి పోయి మిమ్మల్ని ఎత్తేస్తుంది. పూర్తిగా వదులైతే ముంజేయి మీ ఛాతీకే అతుక్కుపోతుంది. ఛాతీకి, ముంజేతికి మధ్య కనీసం ఒక జానెడు ఖాళీ ఉంచండి. దాన్ని పోగొట్టుకున్నవాళ్లు మిగతా మూడూ చేయలేరు.

లూ విషయానికి వద్దాం. మీ మీదికి వచ్చి పడుతున్నారన్నారు కదా, లోపం ఇక్కడే ఉంది. వాడు కుడిచేత్తో తోశాడనుకోండి. మీ ఎడమకాలు ముందు, కుడికాలు వెనక. కుడిచెయ్యి వాడి మణికట్టు మీద తేలిగ్గా, ఎడమ ముంజేయి వాడి మోచేతికి కాస్త పైన. ఇప్పుడు బరువు వెనక కుడికాలి మీదికి జరుపుతూ నడుము కుడికి తిప్పాలి. చేతులు లాగవు, నడుముతో పాటు పోతాయి, అంతే. వాడి చెయ్యి మీ పొట్ట వైపు రాకూడదు. మీ కుడి తుంటి పక్కగా, ఐమూలగా దాటిపోవాలి. మీరు పొట్టవైపు లాగినందువల్లే వాడి భుజం మీ ఛాతీకి తగులుతోంది. ఇంకోటి, ముంజేతిని మోచేతి కింద పెడితే వాడు మోచేయి మడిచి మీ పక్కటెముకల్లో గుద్దగలడు. కీలుకు పైనే ఉండాలి.

వాడు ముందుకు తూలితే అక్కడితో పని అయిపోయినట్టే, తప్పుకుని వెళ్లిపోండి. చాలాసార్లు మాత్రం వాడు తూలకుండా వెనక్కి గుంజుకుంటాడు. జీ చేయాల్సింది ఆ గుంజుకునే క్షణంలోనే. ముందు ముంజేతి మీద వెనక అరచెయ్యి ఆనించి, వాడు పోయే దిక్కులోనే, వెనక పాదం నేలను నొక్కుతూ ముందుకు. వాడు వెనక్కి పోవాలనుకుంటున్నాడు, మీరు కలిపి పంపుతున్నారు. ఇక్కడ ఆలస్యం చేయకండి. వాడి మడమలు మళ్లీ నేలకు ఆనాక జీ చేస్తే గోడను తోసినట్టే.

రెండు చేతులతో నెట్టితే మీ రెండు చేతులూ వాడి చేతుల మధ్యలోంచి, కింద నుంచి పైకి రావాలి. వెనక్కి కూర్చుంటూ మోచేతులతో వాటిని బయటికి విప్పండి. మీ భుజాల వెడల్పు దాటి విప్పకండి, మీ ఛాతీ తెరుచుకుపోతుంది. అక్కడ నుంచి ఆన్. అరచేతులు వాడి ఛాతీ కింది భాగంలో ఆనించి, కాస్త పైకి వాలుగా నెట్టండి. మడమలు లేచినవాడు అడుగు వేయలేడు. నెట్టేటప్పుడు మీ తల ముందుకు వాలిందంటే బరువు మీ వెనక పాదం వదిలేసిందని అర్థం. వాడు పక్కకు తప్పుకుంటే మీరే బోర్లా పడతారు.

'నాలుగు లియాంగ్‌లతో వెయ్యి జిన్‌లను పక్కకు తప్పించడం' అని తాయ్‌చీలో పాత మాట ఒకటుంది. లియాంగ్, జిన్ తూకం కొలతలు. పాత లెక్కలో 16 లియాంగ్‌లు ఒక జిన్. దీన్ని చిటికెనవేలితో మనిషిని ఎగరేయడంగా చెప్పేవాళ్లున్నారు, అది అన్యాయం. వచ్చే బలం దారిలోంచి మీ ఒళ్లు ముందే తప్పుకుంటేనే కొద్దిపాటి బలం సరిపోతుంది. తప్పుకోవడానికి కాళ్లు, నడుము చేసే పని తేలికది కాదు.

ప్రశ్న: గోడకు ఆనించి రెండు చేతులతో గొంతు పట్టుకుంటే? తాయ్‌చీలో దీనికేమైనా ఉందా?

జవాబు: ఉంది, కానీ ఆలోచించడానికి సమయం ఉండదు. మెడకు రెండు పక్కలా రక్తనాళాలు నొక్కుకుపోతే పది సెకన్ల లోపే స్పృహ తప్పొచ్చు.

గడ్డం ఛాతీకి ఆనించి భుజాలు పైకెత్తండి. మిగతా రోజుల్లో తాయ్‌చీ భుజాలు దించమంటుంది, ఇక్కడ మాత్రం ఎత్తాలి. కుడిచెయ్యి నిటారుగా పైకి లేపండి, జబ్బ చెవికి తగలాలి. నడుమూ పాదాలూ కలిపి గట్టిగా ఎడమకు తిప్పండి. మీ చంక వాడి మణికట్ల మీదుగా పోతుంది, మోచేయి కిందికి దిగుతుంది. 'మేఘ హస్తాల'లో చెయ్యి ముఖం ముందు నుంచి దాటే తీరు ఇదే, ఒంటి తిరుగుడుతో సహా. పట్టు వదిలాక అదే మోచెయ్యి వెనక్కి తిరిగి వాడి ముఖానికి తగులుతుంది. ఆ వెంటనే పరుగు.

పాదాలు కదలకుండా పైభాగం మాత్రమే తిప్పితే పట్టు ఊడదు. గోడ దగ్గర వెనక్కి చోటుండదు కాబట్టి పక్కకు తిరగడమే దారి. సాధనలో జోడీ చేతులను గొంతు మీద కాకుండా మెడ కింది ఎముకల మీద పెట్టించండి. నిజంగా అలాంటి దాడి జరిగితే, పైకి గాయం కనపడకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లి తీరాలి. గొంతు లోపలి వాపు కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు.

ప్రశ్న: కత్తి పట్టుకున్నవాడిని 'వీణ మీటడం' భంగిమతో మోచేయి లాక్ చేసి ఆపొచ్చా?

జవాబు: ఆ ప్రయత్నం చేయకండి. 'వీణ మీటడం' నిజంగానే మోచేతి కీలు పట్టు. ఒక చెయ్యి మణికట్టు మీద, ఇంకోటి మోచేతి వెనక, రెండూ ఎదురెదురుగా. దానికి వాడి చెయ్యి చాపి ఒక్క క్షణం ఆగాలి. కత్తి పట్టినవాడు ఆగడు, పొడిచి లాగి మళ్లీ పొడుస్తాడు. రక్తం పారిన మణికట్టు చేతిలో జారుతుంది. అడిగింది ఇచ్చేయండి, పరుగెత్తండి, మధ్యలో కుర్చీ, బ్యాగు ఏది దొరికితే అది పెట్టండి. ఇద్దరు ముగ్గురు మీదికొచ్చినా ఇంతే, ఎవరినీ పట్టుకోవద్దు. పట్టుకున్న మీ రెండు చేతులూ చిక్కుకుపోతాయి. నేల మీద పడ్డాక చేసే పోరాటం కూడా తాయ్‌చీలో పెద్దగా లేదు. అది కావాలనుకుంటే జూడో నేర్చుకోవడం మంచిది.

ప్రశ్న: మా ఊళ్లో పుష్ హ్యాండ్స్ (ఇద్దరు చేతులు ఆనించి నెట్టుకునే జోడీ సాధన) నేర్పేవాళ్లు లేరు. నేనూ, నా స్నేహితుడూ కలిసి మాకు మేమే ఎలా సాధన చేయాలి?

జవాబు: వారానికి మూడుసార్లు, 40 నిమిషాలు చాలు. మొదటి 10 నిమిషాలు చెట్టును కౌగిలించుకున్నట్టు నిలబడండి. తర్వాత 10 నిమిషాలు ఒకే ఒక్క కదలిక. మిగతా సమయమంతా జోడీతో.

జోడీ సాధనకు ఎదురెదురుగా నిలబడి, కుడికాలు ముందుపెట్టి, కుడి మణికట్ల వెలుపలి వైపులు ఆనించండి. ఒకరు నెమ్మదిగా ఛాతీ వైపు నెట్టాలి, రెండోవారు మణికట్టు అంటుకునే ఉండగా వెనక్కి కూర్చుని నడుముతో పక్కకు మళ్లించాలి. ఆపైన పాత్రలు మారతాయి. ఆ తాకిడి విడిపోకూడదు, గట్టిపడకూడదు. అవతలివాడు ఎప్పుడు తోస్తాడో చర్మం ముందే పసిగట్టడం నేర్చుకుంటుంది. దీన్నే 'బలాన్ని వినడం' అంటారు. నెల తర్వాత కళ్లు మూసుకుని చేయండి. కళ్లు మూసుకోగానే భుజాలు బిగుస్తున్నాయంటే ఇంకా కళ్లతోనే చేస్తున్నారన్నమాట.

పట్లు మూడు మెట్లుగా చేయండి. మొదట జోడీ అసలు ఎదిరించకూడదు, ఒక్కో వైపు 20 సార్లు. తర్వాత మూడో వంతు బలంతో పట్టుకోవాలి. పదిసార్లలో ఏడుసార్లు విడిపించుకోగలిగితే మూడో మెట్టు. ఇందులో జోడీ ఏ చెయ్యి పట్టుకుంటాడో, ఎప్పుడు నెడతాడో చెప్పడు. ఈ మూడో మెట్టు లేకుండా పదేళ్లు చేసినా అది నాట్యమే. భయం పట్టుకున్నప్పుడు గుండె దడదడలాడుతుంది, వేళ్లతో చేసే సున్నితమైన పనులు మొరాయిస్తాయి. నడుము, కాళ్లతో చేసే పెద్ద కదలికలు మిగులుతాయి. అందుకే ఇరవై పట్లు నేర్చుకోవడం కంటే మూడింటిని వందలసార్లు చేయండి.

కీలు పట్టేటప్పుడు జోడీ తన తొడ మీదో మీ ఒంటి మీదో రెండుసార్లు తట్టితే ఆ క్షణమే వదిలేయాలి. మోచేయి తిన్నగా అయ్యాక ఇంకో అంగుళం కూడా మిగలదు.

ప్రశ్న: ముందుకు వంగిన అడుగులో మోకాలు నొప్పి పుడుతోంది. తిరిగేటప్పుడు మరీ ఎక్కువ.

జవాబు: బరువు ఉన్న పాదం మీదే తిరుగుతున్నారు. ముందు బరువు వెనక్కి జరపండి, అప్పుడు పాదం తిప్పండి, మళ్లీ బరువు తెండి. మోకాలు బొటనవేలిని దాటకూడదు, లోపలికి పడకూడదు, రెండో వేలు చూసే దిక్కునే చూడాలి. రెండు పాదాలూ తాడు మీద నడిచినట్టు ఒకే గీత మీద పెట్టినా మోకాలు మెలిపడుతుంది. పక్కలకు కనీసం ఒక పాదం వెడల్పైనా ఎడం ఉంచండి. నెల దాటినా తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కి చూపించాలి.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. ఎముకలు పలచబడ్డాయన్నారు. మా అమ్మాయి తాయ్‌చీ ఆత్మరక్షణ క్లాసులో చేరమంటోంది. చేరొచ్చా అమ్మా?

జవాబు: చేరండి అమ్మా, కానీ టీచర్‌కి మొదటిరోజే ఎముకల సంగతి చెప్పండి. కిందపడే సాధన, మోచేయి లాక్‌లు, వేగంగా తోసుకునే పుష్ హ్యాండ్స్ మీరు చేయకూడదు. మీ వయసులో తాయ్‌చీ ఇచ్చే అసలు రక్షణ తూలిపడకుండా నిలబడగలగడం. అడుగు వేసే ముందు బరువు పూర్తిగా ఒక కాలి మీదికి తేవడం అలవాటైతే మెట్ల దగ్గర, తడి నేల మీద అదే కాపాడుతుంది.

ఆత్మరక్షణగా మూడే నేర్చుకోండి. ఎవరైనా దగ్గరికి వస్తుంటే రెండు చేతులంత దూరం తగ్గకముందే ఒక అడుగు వెనక్కి వేసి, అరచేతులు ఛాతీ ఎత్తులో తెరిచి, గట్టిగా 'ఆగు' అనడం. అరచేతులు తెరిచి ఉంటే చూసేవాళ్లకు గొడవలా కనపడదు, దెబ్బ వస్తే కాచుకోవడానికి చేతులు అక్కడే ఉంటాయి. తోసినప్పుడు ఎదిరించకుండా వెనక కాలి మీద కూర్చుని పక్కకు తిరిగిపోవడం. ఎవరైనా బ్యాగు లాగితే వదిలేయడం.

ఆ చివరిది సాధన చేయాల్సిన విషయమే. బ్యాగు లాగగానే వేళ్లు వాటంతట అవే బిగుస్తాయి, దానితో మనిషీ పోతుంది. వారానికోసారి మీ అమ్మాయి చేత బ్యాగు లాగించుకుని, మోకాలు మడిచి బరువు వెనక్కి తీసుకుంటూ వేళ్లు తెరవడం పదిసార్లు చేయండి. బయటికి వెళ్లేటప్పుడు పట్టీ మెడలోంచి అడ్డంగా వేసుకోకండి, ఒక భుజానికే తగిలించుకోండి, అప్పుడే అది జారి వాడి చేతికి పోతుంది.